పట్వారీ దఫ్తర్ పోయింది, పాస్‌వర్డ్ వచ్చింది

1984లో పటేల్, పట్వారీ కొలువులు రద్దయినాయి. అంతకుముందు మన తాతల భూమి పట్వారీ ఇంట్లో గుడ్డ మూట కట్టిన దఫ్తర్‌లో ఉండేది. ఎవరి పేరు మీద ఎన్ని గుంటలున్నాయో ఆయన చెబితేనే తెలిసేది. మూట విప్పమని అడగాలంటే కోడిని పట్టుకపోవాలె, లేకుంటే ఆ ఇంట్లో నాలుగు దినాలు వెట్టి చెయ్యాలె. విప్పినా ఏం లాభం? రాసేది ఆయన, చదివేది ఆయన. మనది వేలిముద్ర ఒక్కటే.

ఇప్పుడు దఫ్తర్ కంప్యూటర్‌లోకి పోయింది. భూమి రికార్డులు 2020లో ధరణికి ఎక్కి, 2025లో భూభారతికి మారినాయి. ఆ గోస ఊరూరా తెలిసిందే. ఈ సంచికలో మేము రాస్తున్నది ఇంకో దఫ్తర్ గురించి. అది పన్నుల దఫ్తర్. ఇన్‌కంటాక్సు, జీఎస్టీ లెక్కలన్నీ ఇప్పుడు కంప్యూటర్‌లోనే వెయ్యాలి. ఆ కంప్యూటర్ పద్ధతి ఏడాదికోసారి, ఒక్కోసారి ఏడాదిలో రెండు మూడుసార్లు మారుతున్నది. మారిన ప్రతిసారీ నిజామాబాద్‌లో లెక్కలు రాసే అకౌంటెంట్ పరేషాన్ అవుతున్నాడు. ఆయన దగ్గరికి పోయే మనవాళ్ళు ఆయనకంటే ఎక్కువ నష్టపోతున్నారు.

"పన్నులు కట్టేది షావుకార్లు, మనకేం సంబంధం?" అని మనవాళ్ళే అంటారు. ఈ మాట మనకు ఎవరు నేర్పిండ్రు? చెప్పు కుట్టిన కులం మనది. బజార్ల చెప్పులు కొంటే దాని మీద పన్ను కడుతున్నాం. వెయ్యి రూపాయల లోపు చెప్పుల మీద 5 శాతం ఉన్న జీఎస్టీని 2022 జనవరి 1న 12 శాతం చేశారు. 2025 సెప్టెంబర్ 22న మళ్ళీ 5కు దించారు. నడుమ మూడేండ్ల ఎనిమిది నెలలు వాడలన్నీ ఆ 12 శాతం కట్టినాయి. మన ఆడబిడ్డలు చుట్టే బీడీ మీద 2017లో 28 శాతం వేశారు, తునికాకు మీద 18 శాతం. 2025 సెప్టెంబర్‌లో గానీ బీడీకి 18, ఆకుకు 5 చేయాలని జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం చేయలేదు. సబ్బు, అగ్గిపెట్టె, సెల్‌ఫోన్ రీచార్జి, ఏది కొన్నా పన్ను ముందే కోసుకుంటున్నారు. "మా పన్నుల మీద వీళ్ళు బతుకుతున్నరు" అని బస్సుల్లో, హోటళ్ళలో మాట్లాడేవాళ్ళు ఈ లెక్క చూడాలె. బాబాసాహెబ్ కొలంబియాలో డాక్టరేట్ కోసం చదివింది కూడా పన్నులు, ఖజానా లెక్కలే. ఆ పుస్తకం 1925లో అచ్చయింది. మనం ఆయన విగ్రహానికి దండలు వేసినంత శ్రద్ధగా ఆ చదువు దిక్కు చూడలేదు.

ఇది అందరూ కట్టే పన్ను సంగతి. ఇక నేరుగా కంప్యూటర్‌లో పేరెక్కిన మనవాళ్ళ సంగతికి వద్దాం. ఇరవై ఏండ్ల కింద వాడలో ఇద్దరు ముగ్గురు నౌకరీదార్లకే పాన్ కార్డు ఉండేది. ఇప్పుడు ఎవరికి లేదు? ఎస్సీ కార్పొరేషన్ సబ్సిడీతో కారు కొని ఆఫీసుకు కిరాయికి పెట్టిన తమ్ముడికి ఉంది. దళితబంధులో 10 లక్షల యూనిట్ తీసుకొని దుకాణం పెట్టిన అన్నకు ఉంది. పీఎఫ్ ఉన్న బీడీ కార్మికురాలికి ఉంది. గల్ఫ్ పోయొచ్చినవాడికి ఉంది. అటెండర్‌కు, అంగన్‌వాడీ టీచర్‌కు ఉంది. వీళ్ళలో తొంభై పాళ్ళు మందికి పాన్ అంటే బ్యాంకు అడిగిన ఇంకో కార్డు, అంతే.

కారు తమ్ముడి లెక్క చూడండి. నెలకు 30 వేలు కిరాయి అనుకుందాం. ఆఫీసు బిల్లులో నూటికి ఒక రూపాయి టీడీఎస్ కోస్తుంది. అంటే నెలకు 300, ఏడాదికి 3,600. డీజిల్, కిస్తీ, రిపేర్లు పోను అతనికి మిగిలే ఆదాయం పన్ను పడేంత ఉండదు. కనుక ఆ 3,600 అతని పైసలే, తిరిగి రావాలి. కాని రిటర్న్ వేస్తేనే వస్తాయి. ఇప్పటిదాకా ఉన్న పద్ధతిలో డిసెంబర్ 31 దాటితే ఆ ఏడాది రీఫండ్ మామూలుగా అడగనివ్వరు, ఆలస్యాన్ని మన్నించమని వేరే అర్జీ పెట్టుకోవాలి. మూడు వేల ఆరు వందల కోసం అర్జీ పెట్టి తిరిగేదెవరు? సర్కారు దగ్గర అట్లనే ఉండిపోతాయి.

ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. పాన్‌ను ఆధార్‌తో కలపాలని గడువు పెట్టి, పెంచి, పెంచి, చివరికి 2023 జూన్ 30 అన్నారు. కలపని పాన్ జూలై 1 నుంచి పనిచేయదన్నారు. కలపటానికి జుర్మానా వెయ్యి రూపాయలు. పాన్ పనిచేయకపోతే నూటికి ఒకటి కోసే చోట నూటికి ఇరవై కోస్తారు. అదే 30 వేల బిల్లులో నెలకు 6 వేలు! కారు కిస్తీలో సగం దాంట్లోనే పాయె. ఆధార్‌లో ఒక తీరు, పాన్‌లో ఒక తీరు పేరున్నవాళ్ళకు ఈ రెండూ కలవవు. మన పేర్లు బడిలో చేర్పించిన పంతులు ఒక తీరు రాసిండు, ఓటరు లిస్టు రాసినాయన ఒక తీరు రాసిండు. వాళ్ళు రాసిన తప్పుకు జుర్మానా మనం కడుతున్నాం.

దుకాణం అన్న సంగతి ఇంకా అన్యాయం. మన రాష్ట్రంలో ఏడాదికి 20 లక్షల అమ్మకం దాటితేనే మామూలు దుకాణానికి జీఎస్టీ నంబర్ తప్పనిసరి. వాడలో పెట్టిన దుకాణానికి అంత అమ్మకం ఎక్కడిది? అయినా బిల్లు పుస్తకం కావాలనో, కరెంటు ఖాతా తెరవాలనో, "తీసుకుంటే మంచిది" అని ఎవరో చెబితేనో నంబర్ తీసుకున్నారు. తీసుకున్నరోజు ఎవరూ చెప్పని మాట ఒకటుంది. నంబర్ ఉన్నంతకాలం ఒక్క రూపాయి అమ్మకం లేకపోయినా రిటర్న్ వెయ్యాలె. వెయ్యకుంటే సున్నా రిటర్న్‌కు కూడా రోజుకు 20 రూపాయలు, అమ్మకం ఉంటే రోజుకు 50. 2021 జూన్ నుంచి సున్నా రిటర్న్‌కు 500 మించకుండా హద్దు పెట్టారు. అదైనా నెలకు 500 చొప్పున రెండేండ్లు మరిచిపోతే 12 వేలు. ఆరు నెలలు వెయ్యకుంటే నంబర్ రద్దు చేస్తారు. మళ్ళీ బతికించుకోవాలంటే పాతవన్నీ వేసి, జుర్మానాలన్నీ కట్టాలె. చాలిస్తే కూడా ఆఖరి రిటర్న్ ఒకటి వెయ్యాలె. షాపు మూసేసి బొంబాయికి పోయినవాడికి ఇదంతా ఎవరు చెప్పిండ్రు?

సున్నా రిటర్న్‌ను సెల్‌ఫోన్ మెసేజ్‌తో వేసే వీలు 2020 జూన్‌లోనే సర్కారు పెట్టింది, 14409 నంబర్‌కు. కంప్యూటర్ అక్కరలేదు, ఫీజు అక్కరలేదు. అయితే జీఎస్టీలో నమోదైన ఫోన్ నుంచే పోవాలె. ఆ నమోదైన ఫోన్ ఎవరిది? నంబర్ తీసిచ్చిన ఏజెంటుది! అసలు తిరకాసు ఇక్కడుంది.

రిటర్న్‌లో వేసే ఫోన్ నంబర్, ఈమెయిల్, పాస్‌వర్డ్, ఓటీపీ, ఈ నాలుగూ ఎవరి చేతిలో ఉంటే లెక్క వాళ్ళ చేతిలో ఉంటుంది. పట్వారీ దఫ్తర్ మూట ముడి ఇప్పుడు వీటితో పడుతున్నది. మనవాడు పోయి ఆధార్, పాన్ జిరాక్సులు ఇచ్చి, "నువ్వే చూసుకో సారు" అని వస్తాడు. ఆ సారు తన సెల్ నంబరే వేస్తాడు. వంద మందికి వంద మెయిళ్ళు ఎక్కడ తెరుస్తాడు? కొన్నాళ్ళకు ఆ సారు దుకాణం ఎత్తేస్తాడు, లేదా మనవాడితో ఫీజు కాడ లొల్లి అవుతుంది. ఆ తర్వాత వచ్చే నోటీసులన్నీ ఎవరూ తెరవని మెయిల్‌కు పోతుంటాయి. ఇదివరకు నోటీసంటే టప్పా అతను తెచ్చి చేతికిచ్చేవాడు. చదువు రాకపోయినా ఇంటికి ఏదో వచ్చిందని తెలిసేది. ఇప్పుడు నోటీసు వచ్చిన సంగతి బ్యాంకు ఖాతా ఆగిననాడు తెలుస్తుంది.

ఇక్కడ అకౌంటెంట్ల మాట కూడా చెప్పాలె. వాళ్ళందరినీ ఒక్క గాటన కట్టేయటం న్యాయం కాదు. నిజామాబాద్‌లో, బోధన్‌లో చిన్న గదుల్లో కూర్చొని లెక్కలు రాసేవాళ్ళు నెలజీతం మీద బతికేవాళ్ళే. చేత్తో చిట్టా, ఆవర్జా రాసిన పెద్దమనుషులు 2005లో వ్యాట్ వస్తే నేర్చుకున్నారు, 2017 జూలై 1న జీఎస్టీ వస్తే మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నారు. నెలకు మూడు రిటర్నులని మొదలుపెట్టిన జీఎస్టీ, మిషన్ మోయలేక అందులో రెండు ఆపేసి, తాత్కాలికమని ఒకటి పెట్టింది. ఆ తాత్కాలికమే ఇప్పటిదాకా నడుస్తున్నది. ఇన్‌కంటాక్సు కొత్త పోర్టల్ 2021 జూన్ 7న తెరిచారు. తెరిచిననాటి నుంచి నడవలేదు. చేసిచ్చిన ఇన్ఫోసిస్ కంపెనీ పెద్దను ఆర్థికమంత్రి ఆగస్టులో పిలిపించి సెప్టెంబర్ 15 దాకా గడువిచ్చారు. రిటర్న్ గడువు మాత్రం డిసెంబర్ 31 దాకా జరుపుకుంటూ పోయారు. 2025లో కూడా అంతే. జూలై 31 అన్నది సెప్టెంబర్ 15 అయింది, ఆ రాత్రి మళ్ళీ ఒక్కరోజు పెంచారు. కంపెనీ తప్పు చేస్తే గడువు దొరుకుతుంది. ఆ రాత్రంతా తెర ముందు కూర్చున్న అకౌంటెంట్‌కు ఓవర్‌టైం లేదు, పొద్దుగాల వచ్చి "పైసలు తీసుకొని పని చెయ్యలేదు" అనే గిరాకీ తిట్లే దొరుకుతాయి.

ఇంకో మార్పు చూడండి. జీఎస్టీలో మొదట అమ్మకాల లెక్క, తర్వాత పన్ను లెక్క వేస్తారు. మొదటి దాంట్లో తప్పు పడితే రెండో దాంట్లో సవరించుకునేవాళ్ళు. 2025 జూలై నెల లెక్క నుంచి రెండోది తనంతట తానే నిండి బిగుసుకుంటుంది, అమ్మకాల పన్నును చేత్తో దిద్దనివ్వదు. దిద్దాలంటే నడుమ వేరే ఫారం ఉంది, ఆ కొద్దిరోజుల్లోనే వెయ్యాలె. మూడేండ్లు దాటిన రిటర్న్ అసలే వెయ్యనివ్వదు. పెద్ద షాపులకు జీతం మీద మనిషి ఉంటాడు, తప్పును ఆ రోజే పట్టుకుంటాడు. మనవాడు బిల్లులన్నీ సంచిలో వేసుకొని మూడు నెలలకోసారి బస్సెక్కి పోతాడు. ఇక ఇన్‌కంటాక్సుకు చట్టమే మారింది. 1961 చట్టం తీసేసి 2025లో కొత్త చట్టం చేశారు, 2026 ఏప్రిల్ 1 దాని అమలు తేదీ. సెక్షన్ల నంబర్లన్నీ కొత్తవి. అకౌంటెంట్ సాఫ్ట్‌వేర్ కొత్తది కొనాలె, నేర్చుకోవాలె. ఆ ఖర్చు చివరికి ఎవరి ఫీజులో కలుస్తుందో చెప్పక్కరలేదు.

కొత్త మిషన్ వచ్చిన ప్రతిసారీ తెలియనివాడే ఎక్కువ కడతాడనటానికి మనం దూరం పోనక్కరలేదు. మన ఇందల్వాయి టోల్‌గేటు చూడండి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేసిననాడు స్టిక్కర్ లేని బండికి డబుల్ పన్ను వేశారు. రోడ్డు అదే, బండి అదే.

అకౌంటెంట్ల మీద జాలి చూపించినాం కాబట్టి రెండో రకం గురించి మొహమాటం లేకుండా రాస్తాం. నౌకరీదార్లకు, కాంట్రాక్టు వాళ్ళకు "నీకు యాభై వేల రీఫండ్ తెప్పిస్త, వచ్చినంక నూటికి ఇంత నాకియ్యి" అని తిరిగే ఏజెంట్లున్నారు. లేని ఇంటికిరాయి, ఇవ్వని చందా, కట్టని ఇన్సూరెన్సు రాసి రిటర్న్ వేస్తారు. 2025 జూలై 14న ఇన్‌కంటాక్సు వాళ్ళు దేశంలో 150 చోట్ల ఇట్లాంటి వాళ్ళ మీద దాడులు చేశారు. దానికి ముందు నాలుగు నెలల్లోనే 40 వేల మంది తమ రిటర్నులు సరిచేసుకొని 1,045 కోట్ల దొంగ క్లెయిములు వెనక్కి తీసుకున్నారని కేంద్ర పన్నుల బోర్డు ప్రకటించింది. ఆ ఏజెంట్లు రిటర్నులు వేయటానికని ఉత్తుత్తి మెయిళ్ళు తెరిచి వదిలేశారనీ, నోటీసులు అందులోనే పడి ఉన్నాయనీ అదే ప్రకటనలో ఉంది. చట్టంలో తప్పుడు లెక్కకు ఎగ్గొట్టిన పన్ను మీద రెండింతల దాకా జుర్మానా ఉంది. కమీషన్ తిన్నవాడు పోతాడు, సంతకం మనది కనుక జుర్మానా మనది. వేలిముద్ర కాలం పోయిందనుకున్నాం, ఓటీపీ చెప్పటం కూడా వేలిముద్ర వేయటమే. మన సంఘాల్లో తిరిగే ఉద్యోగులు కూడా కొందరు ఈ రీఫండ్ ఆశకు పోయినట్టు మాకు తెలుసు. అన్నా, ఆ పైసలు వెనక్కి కట్టండి. రిజర్వేషన్ మీద నోరు పారేసుకునేవాళ్ళకు మన చేతులతో మనమే రాయి అందించొద్దు.

ఇవన్నీ ఎందుకు మన మీదనే పడుతున్నాయి? మనవాళ్ళకు తెలివి లేదని అనేవాళ్ళు ఉన్నారు. తెలివి సంగతి కాదు. షావుకారు కొడుకు మాటలు నేర్వకముందే ఖాతా పుస్తకం చూస్తాడు. జమ అంటే ఏందో, ఖర్చు అంటే ఏందో గల్లాపెట్టె పక్కన కూర్చొని నేర్చుకుంటాడు. మన ఇండ్లల్లో ఖాతా పుస్తకం ఎన్నడూ లేదు. వాళ్ళ పుస్తకాల్లో మన పేర్లున్నాయి, బాకీ దిక్కు. అప్పు చిట్టీని చూసి భయపడ్డ ఇంట్లో పిల్లవానికి అంకెలంటే భయమే వస్తుంది. అందుకే మన చదువుకున్నవాళ్ళు టీచర్లయ్యారు, కానిస్టేబుళ్ళయ్యారు, నర్సులయ్యారు. ఆడిటర్ బోర్డు మీద మన ఇంటిపేరు వెతికితే దొరకదు. ఇంజనీరు, డాక్టరు అని కొట్లాడినాం, లెక్కల పుస్తకం కోసం కొట్లాడలేదు.

బీడీ అక్కల సంగతి విడిచిపెట్టలేం. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారినప్పుడు పీఎఫ్‌కు కొత్త నంబర్ పడుతుంది. పాతదాన్ని కలపకపోతే ఇరవై ఏండ్లు బీడీలు చుట్టిన అక్క సర్వీసు కూడా కంప్యూటర్‌లో నాలుగేండ్లే కనిపిస్తుంది. అయిదేండ్లు నిండని సర్వీసు, తీసేది 50 వేలు దాటితే నూటికి పది పన్ను కోస్తారు. పాన్ లేకుంటే ఇరవై. నా ఆదాయం పన్ను పడేంత లేదు, కోయొద్దు అని రాసిచ్చే ఫారం ఒకటుంది, పాత చట్టంలో దాన్ని 15జి అనేవాళ్ళు. వెయ్యి బీడీలు చుడితే వచ్చే కూలి మీద బతికే ఆడమనిషి పైసల్లోంచి పది శాతం పోయినా "ఏదో కట్ అయిందట" అని ఊకుంటున్నారు. యూనియన్ నాయకులు కూలి రేటు కోసం కొట్లాడినట్టే ఈ పది శాతం కోసం కూడా కొట్లాడాలె. అక్కల పాత నంబర్లు కలిపించే పని క్లెయిమ్ పెట్టకముందే చెయ్యాలె.

మరి ఏం చెయ్యాలె? బోధన్ దిక్కు చెరుకు బండి తోలినవాళ్ళకు కాటా చీటీ విలువ తెలుసు. చీటీ చేతికి రానిదే బండి కదిలేది కాదు. శక్కర్‌నగర్ మిల్లు 2015 డిసెంబర్‌లో మూతబడ్డది గాని ఆ తెలివి మూతబడొద్దు. రిటర్న్ వేసినంక రసీదు కాయిదం ప్రింటు అడిగి తీసుకోండి. అయితే ఇన్‌కంటాక్సులో రసీదు వచ్చినా పని అయినట్టు కాదు. 30 రోజుల్లో ఓటీపీతో గానీ, సంతకం చేసి టప్పాలో పంపి గానీ ధ్రువీకరించాలె, లేకుంటే వెయ్యనట్టే లెక్క. ముందు 120 రోజులుండేది, 2022 ఆగస్టు 1 నుంచి 30 చేశారు. ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబర్ పోయినవాళ్ళు ముందు దాన్ని సరిచేయించుకోండి. ఫోన్ నంబర్, మెయిల్ మనవే వేయించాలె, మనకు లేకుంటే డిగ్రీ చదివే బిడ్డది వేయించాలె. "మా బిడ్డది రాయి సారు" అంటే ఏ సారూ కొట్టడు. మన పాన్ మీద మనకు తెలియకుండా ఎవరన్నా జీఎస్టీ నంబర్ తీసుకున్నారా అన్నది కూడా జీఎస్టీ వెబ్‌సైట్‌లో పాన్ నంబర్ కొట్టి చూసుకోవచ్చు, దానికి పైసలు లేవు. కూలిమనుషుల పేర్ల మీద దొంగ కంపెనీలు తెరిచి వాళ్ళకు కోట్ల నోటీసులు తెప్పించిన వార్తలు పేపర్లలో చూస్తూనే ఉన్నాం.

సర్కారును అడగాల్సింది వేరే ఉంది. కారు ఇచ్చినప్పుడు, యూనిట్ ఇచ్చినప్పుడు ఫోటో దిగిన ఆఫీసర్లు, ఆ యూనిట్‌కు రెండేండ్లు లెక్కలు రాసే మనిషిని కూడా ఇయ్యాలె. ఆ ఖర్చు కార్పొరేషన్ భరించాలె. సబ్సిడీ యూనిట్ల మీద పడ్డ సున్నా రిటర్న్ జుర్మానాలు మాఫీ చెయ్యమని జీఎస్టీ కౌన్సిల్‌లో మన రాష్ట్ర మంత్రి నోరు తెరిచి అడగాలె. మండల ఆఫీసులో వారానికొక్కరోజైనా తెలుగులో చెప్పి రిటర్న్ వేసిచ్చే మనిషిని కూర్చోబెట్టాలె.

సర్కారు ఇచ్చేదాకా మనం కూర్చోవాలా? జీఎస్టీ ప్రాక్టీషనర్ కావటానికి ఆడిటర్ చదువే ఉండాలని లేదు. బీకాం చదివి సర్కారు పెట్టే పరీక్ష పాసయితే చాలు. నిజామాబాద్, బోధన్ కాలేజీల్లో బీకాం చేసి ఖాళీగా ఉన్న మన పిల్లలు ప్రతి ఊళ్ళో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఏండ్లకేండ్లు చూసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ పరీక్ష కూడా రాయాలని మా కోరిక.

కార్యకర్తలకు ఒక పని చెబుతున్నాం. వచ్చే సంచికలోగా మీ వాడలో ఎవరికి జీఎస్టీ నంబర్ ఉంది, ఎవరి కారు ఆఫీసుకు నడుస్తున్నది, ఎవరి పీఎఫ్ పైసలు కోసుకున్నారు, ఎవరి లెక్కలో ఎవరి ఫోన్ నంబర్ ఉంది అన్నది అడిగి ఒక కాయిదం మీద రాయండి. బీకాం చదివిన పిల్లల పేర్లు దాని కింద రాయండి. కాయిదం మాకు పంపండి, ఆ పిల్లలను ఆ ఇండ్లకు కలిపే పని మేము చూస్తాం. కాయిదం మీద పాస్‌వర్డులు మాత్రం రాయకండి, మాకు కూడా.